రెండు కాయిల్స్, ఒకే కోర్: లీకేజీని ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఈ బల్ల మీద ఉన్నది ఒకసారి చూడండి. నల్లటి ఫెర్రైట్ కోర్, అంటే అయస్కాంత గుణమున్న సిరామిక్ దిమ్మ. దాని మీద రెండు రాగి తీగలు చుట్టి ఉన్నాయి. మొత్తం నాలుగు కొసలు బయటికి వచ్చాయి. ఇంతే. దీన్నే కపుల్డ్ ఇండక్టర్ అంటున్నాం. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ రెండు తీగల మధ్య సంబంధం గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ సంబంధంలో మిగిలిపోయే చిన్న లోటు గురించి. దాని పేరు లీకేజీ. చాలామంది దాన్ని శత్రువుగానే చూస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చూశాను. ఇప్పుడు మాత్రం డిజైన్ మొదలుపెట్టగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న, "ఈ లీకేజీని ఎక్కడ పెట్టాలి?" అన్నదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే దాదాపు 6 అంగుళాల వెడల్పున్న మెత్తని ఇనుప రింగు తీసుకుని, ఒక పక్క ఒక తీగ, రెండో పక్క ఇంకో తీగ చుట్టాడు. ఇప్పుడు మనం వాడే ఎనామెల్ పూత తీగ అప్పుడు లేదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య పురికొస, పొరకీ పొరకీ మధ్య గుడ్డ పెట్టుకుంటూ ఓపిగ్గా చుట్టాడు. ఒక తీగకి బ్యాటరీ కలిపితే, రెండో తీగ దగ్గరున్న అయస్కాంత సూది ఒక్కసారి కదిలి, మళ్లీ తన చోటికి వచ్చేసింది. బ్యాటరీ తీసేస్తే మళ్లీ కదిలింది, ఈసారి అవతలి వైపుకి. మధ్యలో కరెంట్ నిలకడగా పారుతున్నంతసేపూ సూది కదల్లేదు.

మన సబ్జెక్టు మొత్తం ఆ సూదిలోనే ఉంది. డీసీ అంటే నిలకడగా ఉండేది. నిలకడగా ఉన్నదాన్ని ఒక కాయిల్ నుంచి ఇంకో కాయిల్‌కి పంపలేం. అందుకని కలుపుతూ, తీస్తూ ఉండాలి. 1930లలో కారు రేడియోలకి ఆ పని చేసింది వైబ్రేటర్ అనే చిన్న యంత్రం. లోపల ఒక ఉక్కు రెక్క జుమ్మని కొట్టుకుంటూ కారు బ్యాటరీని తెంపుతూ కలుపుతూ ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ అవతల వాల్వులకి కావలసిన పెద్ద వోల్టేజీ వచ్చేది. ఇవాళ ఆ రెక్క చోట మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంది. సెకనుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది, చప్పుడు లేదు. సూత్రం మాత్రం అదే.

ఇప్పుడు రెండు కాయిల్స్ ఎంత దగ్గరగా ఉన్నాయో ఎలా చెప్తాం? మొదటి కాయిల్ పుట్టించిన ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, అంతా రెండోదాంట్లోంచి పోతే కప్లింగ్ 1. అస్సలు పోకపోతే సున్నా. నిజంగా చుట్టిన ఏ కాయిల్‌కీ 1 రాదు. ఎందుకంటే రెండు తీగలు ఒకే చోట ఉండలేవు కదా, వాటి మధ్య ఎంతో కొంత సందు ఉంటుంది, ఆ సందులోంచి కొంత ఫ్లక్స్ జారిపోతుంది. దీన్ని కొలవడం చాలా తేలిక. ఎల్‌సీఆర్ మీటర్ ఇండక్టెన్స్‌ని, అంటే కరెంట్ మార్పుని కాయిల్ ఎంత అడ్డుకుంటుందో, కొలుస్తుంది. దాన్ని ప్రైమరీకి, అంటే మొదటి కాయిల్‌కి పెట్టండి. సెకండరీ, అంటే రెండో కాయిల్, కొసలు వదిలేసి ఒకసారి కొలవండి. తర్వాత సెకండరీ కొసలు రెండూ కలిపేసి, అంటే షార్ట్ చేసి, మళ్లీ కొలవండి. మొదటిది 40 మైక్రోహెన్రీలు, రెండోది 0.8 వచ్చిందనుకోండి. 0.8ని 40తో భాగిస్తే 0.02. 1 లోంచి అది తీసేసి వర్గమూలం కడితే దాదాపు 0.99. అదే మీ కప్లింగ్. ఆ 0.8 మైక్రోహెన్రీలే ప్రైమరీ వైపు నుంచి కనిపించే లీకేజీ.

0.99 వచ్చింది, చాలా బాగుంది అనిపిస్తుంది. పరీక్షలో నూటికి 99 వచ్చినట్టు. కానీ సర్క్యూట్‌లో ఆ మిగిలిన కాస్తా ఏం చేస్తుందో చూద్దాం.

అందరికీ తెలిసిన ఫ్లైబ్యాక్ అనే సర్క్యూట్ తీసుకుంటాను. మీ ఫోన్ చార్జర్లలో చాలావాటిలో ఉండేది ఇదే. ఆ పేరు టీవీల నుంచి వచ్చింది. పాత పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ కిరణం ఒక గీత గీసి, మళ్లీ ఎడమ అంచుకి ఎగిరి వెనక్కి వచ్చే క్షణంలో పెద్ద వోల్టేజీ పుట్టించేవాళ్లు. ఆ వెనక్కి ఎగరడమే ఫ్లైబ్యాక్.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. బొమ్మలో ట్రాన్స్‌ఫార్మర్‌లా గీస్తాం కాబట్టి ఇదొక ట్రాన్స్‌ఫార్మర్ అనుకుంటారు. కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇవతల వచ్చింది అవతల అప్పటికప్పుడే పోతుంది. ఫ్లైబ్యాక్‌లో అలా పోకూడదు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రైమరీ కరెంట్ పెరుగుతుంది, శక్తి కోర్‌లో దాచుకుంటుంది, సెకండరీలో, కరెంట్‌ని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ అడ్డం ఉంటుంది కాబట్టి అవతల ఏమీ పారదు. స్విచ్ ఆఫ్ అవగానే ప్రైమరీలో దారి మూసుకుపోతుంది. అప్పుడు దాచుకున్నదంతా సెకండరీ దారిలో బయటికి వస్తుంది. ప్రైమరీకి 60 చుట్లు, ఆఖరి క్షణంలో 2 ఆంపియర్లు ఉన్నాయనుకోండి. 60 రెట్లు 2, అంటే 120 ఆంపియర్-టర్న్స్. సెకండరీకి 6 చుట్లుంటే అక్కడ కరెంట్ ఒక్క ఎత్తున 20 ఆంపియర్ల దగ్గర మొదలై కిందికి జారుతుంది. కోర్‌కి ఏ తీగలో పారుతోందన్నది పట్టదు, మొత్తం 120 కొనసాగితే చాలు.

శక్తి కోర్‌లో దాచుకుంటుంది అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. ఈ కోర్ రెండు ముక్కలు విడదీసి చూపిస్తాను. మధ్య కాలు దగ్గర చూడండి, రెండు ముఖాలూ తాకవు. అర మిల్లీమీటరు ఖాళీ ఉంది. ఫెర్రైట్‌లో ఫ్లక్స్ ప్రయాణించే దారి 60 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫెర్రైట్ పర్మియబిలిటీ 2000, అంటే గాలి కన్నా 2000 రెట్లు తేలిగ్గా ఫ్లక్స్‌ని పోనిస్తుంది అనుకుంటే, ఆ 60 మిల్లీమీటర్ల ఫెర్రైట్ 0.03 మిల్లీమీటరు గాలితో సమానం. ఇక్కడ గాలి మాత్రం 0.5. అంటే నూటికి 94 వంతుల శక్తి ఈ గోరంత సందులోని గాలిలో ఉంది. మిగిలిన ఫెర్రైట్ అంతా ఫ్లక్స్‌ని ఆ సందు దాకా తీసుకొచ్చే దారి మాత్రమే. నాకు మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. మొదటిసారి ఫ్లైబ్యాక్ చేతితో చుట్టినప్పుడు సెకండరీ కొసలు తారుమారుగా టంకం వేశాను. బొమ్మలో చుక్కలు పెడతాం కదా, ఏ కొస ఏ వైపు అని చెప్పడానికి. ఆ చుక్క మారిపోయింది. అప్పుడేమవుతుంది? స్విచ్ ఆన్‌లో ఉండగానే సెకండరీ డయోడ్ పారడం మొదలుపెడుతుంది. అవతల ఖాళీ కెపాసిటర్ ఉంది, అది షార్ట్ లాంటిదే. ప్రైమరీ కరెంట్‌ని ఆపడానికి కోర్ ఇండక్టెన్స్ లేదు, లీకేజీ ఒక్కటే మిగిలింది. సప్లై ఆన్ చేశాను, టప్ అని ఒక చప్పుడు, మాస్‌ఫెట్ మూడు కాళ్లూ ఒకదానికొకటి షార్ట్. పాపం, ఆ మాస్‌ఫెట్ తప్పేమీ లేదు. అప్పటి నుంచి ఒక పరీక్ష చేయకుండా ఏ కాయిల్‌నీ బోర్డు మీద పెట్టను. రెండు కాయిల్స్‌ని వరసగా కలిపి ఇండక్టెన్స్ కొలుస్తాను. ఒకదాని కొసలు తిప్పి మళ్లీ కొలుస్తాను. చుట్లు సమానంగా ఉంటే, ఒకలా కలిపితే ఒక్క కాయిల్‌కి దాదాపు 4 రెట్లు వస్తుంది, ఇంకోలా కలిపితే సున్నా దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద అంకె వచ్చినప్పుడు ఏ కొస ఏ కొసకి కలిపి ఉందో చూస్తే చుక్కలు తెలిసిపోతాయి. ఆ రెండు అంకెల తేడాని 4తో భాగిస్తే మ్యూచువల్ ఇండక్టెన్స్, అంటే రెండు కాయిల్స్ పంచుకునే ఇండక్టెన్స్, కూడా చేతికొస్తుంది.

ఇక లీకేజీ దగ్గరికి వద్దాం. ఒక చిన్న చార్జర్ తీసుకోండి. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే దాదాపు 325 వోల్టుల డీసీ. ప్రైమరీ ఇండక్టెన్స్ 600 మైక్రోహెన్రీలు, గరిష్ఠ కరెంట్ 0.8 ఆంపియర్, సెకనుకి లక్ష సైకిళ్లు. సగం ఎల్ ఐ స్క్వేర్, అంటే ఇండక్టెన్స్‌లో సగం ఇంటూ కరెంట్ వర్గం, కట్టి లక్షతో గుణిస్తే 19.2 వాట్లు. లీకేజీ 2 శాతం, అంటే 12 మైక్రోహెన్రీలు. దాంట్లో దాచుకునేది 0.38 వాటు. అది సెకండరీకి పోలేదు, ఎందుకంటే అది సెకండరీని తాకని ఫ్లక్స్. స్విచ్ ఆఫ్ అవగానే ఆ కరెంట్‌కి వెళ్లడానికి దారి లేదు. స్విచ్ నోడ్, అంటే స్విచ్ కాయిల్‌ని కలిసే చోటు, అక్కడి వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. స్కోప్‌లో చూసినవాళ్లకి తెలుసు, నిట్టనిలువుగా ఒక ముల్లు, దాని వెనక గంట కొట్టినట్టు మోగుతూ తగ్గే అలలు.

ఆ ముల్లు మాస్‌ఫెట్‌ని పొడిచేయకుండా ఒక క్లాంప్ పెడతాం. డయోడ్, కెపాసిటర్, రెసిస్టర్. సరే, 0.38 వాటు కాల్చేస్తే పోయె, అంతేగా? అక్కడే చాలామంది బోల్తా పడతారు. క్లాంప్‌ని సప్లై మీద 150 వోల్టుల దగ్గర పెట్టారు, సెకండరీ నుంచి ప్రైమరీకి ప్రతిఫలించే వోల్టేజీ 100 అనుకోండి. లీకేజీలో కరెంట్‌ని సున్నాకి దించడానికి ఉన్నది వాటి మధ్య తేడా మాత్రమే, 50 వోల్టులు. ఆ కరెంట్ దిగేంతసేపూ కోర్‌లో దాచుకున్న అసలు శక్తి కూడా కొంత క్లాంప్‌లోకే పోతుంది. లెక్క వేస్తే 150ని 50తో భాగించాలి, 3 రెట్లు. 0.38 కాస్తా 1.15 వాట్లయింది. 2 శాతం లీకేజీ 6 శాతం శక్తిని తినేసింది! చార్జర్ వేడెక్కితే రెసిస్టర్‌ని ఇంకా పెద్దది వేసే ముందు ఈ భాగహారం ఒక్కసారి చేయండి. క్లాంప్‌ని 200కి ఎత్తితే 3 రెట్లు కాస్తా 2 రెట్లవుతుంది. కానీ మాస్‌ఫెట్ మీద ఒత్తిడి 475 నుంచి 525 వోల్టులకి పెరుగుతుంది. ఏసీ సప్లై ఎక్కువైనప్పుడు ఇంకా పెరుగుతుంది. ఎంత మార్జిన్ ఉందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

మరి లీకేజీనే తగ్గించొచ్చు కదా? తగ్గించొచ్చు. ప్రైమరీని రెండు సగాలు చేసి, సెకండరీని మధ్యలో పెట్టి చుడితే లీకేజీ దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. రెండు తీగలూ కలిపి మెలిపెట్టి ఒకేసారి చుడితే ఇంకా తక్కువ. కానీ చార్జర్‌లో ఆ పని చేయకూడదు. ప్రైమరీ కాయిల్ ఇంటి కరెంటు సప్లైకి కలిసి ఉంది, సెకండరీని మనిషి చేత్తో ముట్టుకుంటాడు. వాటి మధ్య ఇన్సులేషన్ పొరలు ఉండి తీరాలి. ఇది బేరమాడే విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది. ఆ పొరల మందమే లీకేజీని పెంచుతుంది. పైగా తీగలు దగ్గరైన కొద్దీ వాటి మధ్య కెపాసిటెన్స్ పెరిగి, స్విచింగ్ నాయిస్ అవతలికి దూకుతుంది.

ఇంతవరకూ లీకేజీ నష్టాలే చెప్పాను. ఇప్పుడు ఇన్సులేషన్ అవసరం లేని సర్క్యూట్లకి వెళ్దాం. 12 వోల్టుల నుంచి 120 వోల్టులు కావాలి. మామూలు బూస్ట్ కన్వర్టర్, అంటే వోల్టేజీ పెంచే సర్క్యూట్ అయితే డ్యూటీ, అంటే ఒక్కో సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, 0.9 ఉండాలి. కాగితం మీద బాగానే ఉంటుంది. నిజంగా కడితే, డయోడ్‌కి మిగిలే పదో వంతు సమయంలో పెద్ద కరెంట్ పిడికిలి బిగించినట్టు పారుతుంది, తీగల రెసిస్టెన్స్‌లోనే చాలా శక్తి పోతుంది, పైగా మాస్‌ఫెట్ 120 వోల్టులు పూర్తిగా తట్టుకోవాలి.

ఇప్పుడు ఆ ఇండక్టర్‌కే 4 రెట్ల చుట్లతో ఇంకో కాయిల్ తగిలించి, స్విచ్ నోడ్‌కీ డయోడ్‌కీ మధ్య పెట్టండి. ఇన్‌పుట్ కన్నా అవుట్‌పుట్ ఎన్ని రెట్లు వస్తుందో చూద్దాం. పైన 1 ప్లస్ చుట్ల నిష్పత్తి ఇంటూ డ్యూటీ, కింద 1 మైనస్ డ్యూటీ. 10 రెట్లు రావాలంటే డ్యూటీ 9 బై 14, అంటే 0.64. స్విచ్ మీద పడేది 12ని 0.36తో భాగిస్తే వచ్చేది, 34 వోల్టులు కూడా లేదు. ముల్లుకి చోటు వదిలి 60 వోల్టుల మాస్‌ఫెట్ పెట్టుకోవచ్చు. అలాంటివి ఆన్‌లో ఉన్నప్పుడు రెసిస్టెన్స్ చాలా తక్కువ, అందుకే ఈ సర్క్యూట్ అంటే నాకు అంత ఇష్టం. దీనికి మూల్యం డయోడ్ చెల్లిస్తుంది. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు డయోడ్ మీద 120కి తోడు రెండో కాయిల్‌లోని 48 వోల్టులు కలిసి 168 పడతాయి. ఇక్కడ లీకేజీ ముల్లు పుట్టిస్తుంది, నిజమే. కానీ ఆ శక్తిని ఒక డయోడ్, కెపాసిటర్‌తో పట్టుకుని అవుట్‌పుట్‌కే పంపేయొచ్చు. ఇంకో మేలు కూడా ఉంది. డయోడ్ ఆఫ్ అయ్యేటప్పుడు కరెంట్ నిట్టనిలువుగా పడిపోకుండా లీకేజీ దాన్ని నెమ్మదిగా దించుతుంది. రివర్స్ రికవరీ దెబ్బ, అంటే డయోడ్ ఆఫ్ అయ్యే క్షణంలో వెనక్కి పారే కరెంట్ దెబ్బ, మెత్తబడుతుంది. మొదటిసారి లీకేజీ మనకి సాయం చేసిన చోటు ఇది.

అసలు అందమైనది, వోల్టేజీని పెంచనూ తగ్గించనూ గలిగే చుక్ కన్వర్టర్‌లో ఉంది. 1970లలో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో స్లోబోదాన్ చుక్, మిడిల్‌బ్రూక్ కలిసి దీని మీద పనిచేశారు. అందులో ఇన్‌పుట్ వైపు ఒక ఇండక్టర్, అవుట్‌పుట్ వైపు ఒక ఇండక్టర్. జాగ్రత్తగా గమనిస్తే, రెండింటి మీదా ఒకే ఆకారంలో, ఒకే ఎత్తులో వోల్టేజీ పడుతుంది. ఒకే వోల్టేజీ పడే రెండు కాయిల్స్‌ని ఒకే కోర్ మీద చుట్టొచ్చు కదా అన్నది మొదటి ఆలోచన. దాంతో ఒక కోర్ మిగులుతుంది. అంతవరకే అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు అవుట్‌పుట్ కాయిల్‌ని చూడండి. దానికి బయటి నుంచి కొంత వోల్టేజీ పడుతోంది. లోపలి నుంచి, అంటే పక్క కాయిల్ వల్ల, కొంత వోల్టేజీ పుడుతోంది. ఈ రెండూ అచ్చంగా సమానమైతే? ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు సమానమైన బలంతో తలుపు నెడితే తలుపు కదలదు. కరెంట్ పెరగడానికీ తగ్గడానికీ కారణమే లేదు. రిపుల్, అంటే కరెంట్‌లోని హెచ్చుతగ్గు, సున్నా! రిపుల్ మాయమైపోలేదు, అది ఇన్‌పుట్ కాయిల్‌లో ఉంది. అవుట్‌పుట్‌లో మాత్రం గీత గీసినట్టు నిలకడ కరెంట్.

దీనికి ఏం కావాలి? రెండు కాయిల్స్ చుట్ల నిష్పత్తి కప్లింగ్‌కి సమానం కావాలి. కప్లింగ్ 0.98 అయితే ఇన్‌పుట్‌కి 49 చుట్లు, అవుట్‌పుట్‌కి 50. కప్లింగ్‌లో పోయిన నూటికి రెండు వంతుల్ని ఆ ఒక్క అదనపు చుట్టు పూడుస్తుంది. కప్లింగ్ సరిగ్గా 1 అయి, చుట్లు సమానంగా ఉంటే రెండు కాయిల్స్‌నీ విడదీసేది ఏదీ లేదు, రిపుల్ ఎటు పోవాలో నిర్ణయించేదీ లేదు. లీకేజీ ఉంది కాబట్టే ఒక వైపుకి నెట్టగలుగుతున్నాం. గాలి సందుని కొంచెం కొంచెంగా సర్దుతూ స్కోప్‌లో చూస్తే, రంపపు పళ్లలాంటి రిపుల్ క్రమంగా చదునవుతుంది, ఒక చోట దాదాపు గీతవుతుంది, ఇంకా సర్దితే అదే రిపుల్ తలకిందులుగా మళ్లీ లేస్తుంది. వీలైతే మీ చేతులతో ఒక్కసారి చేసి చూడండి.

సెపిక్ అనే కన్వర్టర్ కూడా ఇదే కుటుంబం, త్వరగా చెప్పేస్తాను. బ్యాటరీ వోల్టేజీ 9 నుంచి 16 దాకా తిరుగుతూ, అవుట్‌పుట్ మాత్రం 12 నిలకడగా కావాలంటే సెపిక్ బాగా పనికొస్తుంది. అందులోనూ రెండు ఇండక్టర్ల మీద ఒకే వోల్టేజీ, ఒకే కోర్ మీద సమాన చుట్లతో చుట్టొచ్చు. బాగా కపుల్ చేస్తే అదే రిపుల్‌కి ఒక్కోదానికి సగం ఇండక్టెన్స్ చాలు. ఇక్కడ మాత్రం మరీ బిగుతుగా చుట్టొద్దంటాను. మధ్యలో ఉన్న కెపాసిటర్ వోల్టేజీ కాస్త ఊగుతుంది, ఆ ఊగే వోల్టేజీ లీకేజీ మీదే పడుతుంది. లీకేజీ మరీ తక్కువైతే పనికిరాని కరెంట్ లోపలే గిరగిరా తిరుగుతూ వేడి పుట్టిస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది: "కంప్యూటర్ ప్రాసెసర్ల పక్కన ఉండే పవర్ సర్క్యూట్లలో కూడా కపుల్డ్ ఇండక్టర్లు వాడతారంటారు, అక్కడ ఐసోలేషనూ లేదు, వోల్టేజీ పెంచడమూ లేదు కదా?"

మంచి ప్రశ్న. ప్రాసెసర్‌కి దాదాపు ఒక వోల్టు దగ్గర వందల ఆంపియర్లు కావాలి. అందుకని చాలా బక్ ఫేజులు, అంటే వోల్టేజీ తగ్గించే ఒకేలాంటి సర్క్యూట్లు, పక్కపక్కన వంతులవారీగా పనిచేస్తాయి. రెండు ఫేజుల కాయిల్స్‌ని ఒకే కోర్ మీద ఎదురెదురుగా చుడితే, వాటి డీసీ ఫ్లక్స్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోర్ చిన్నదైనా శాచురేట్ కాదు, అంటే ఫ్లక్స్‌తో నిండిపోదు. మామూలుగా నడుస్తున్నప్పుడు ఫేజులు వేర్వేరు సమయాల్లో స్విచ్ అవుతాయి, అప్పుడు ఒకదాని రిపుల్‌ని రెండోది అదుపు చేస్తుంది. ప్రాసెసర్ హఠాత్తుగా ఎక్కువ కరెంట్ అడిగిందనుకోండి, ఫేజులన్నీ ఒకేసారి పైకి వెళ్లాలి. అప్పుడు మ్యూచువల్ కొట్టుకుపోయి లీకేజీ ఒక్కటే అడ్డం ఉంటుంది. అది చిన్నది కాబట్టి కరెంట్ చాలా వేగంగా ఎక్కుతుంది. అంటే ఇక్కడ శక్తి దాచుకునే అసలు ఇండక్టర్ లీకేజీయే. చార్జర్‌లో మనం కాల్చి పారేసిన దాన్నే ఇక్కడ కావాలని, కొలిచి మరీ పెడతారు.

ఇంకో ప్రశ్న, శాచురేషన్ ఎలా గుర్తుపట్టాలని. కరెంట్ ప్రోబ్ పెట్టి స్విచ్ ఆన్ సమయం చూడండి. గీత తిన్నగా ఎక్కాలి. చివర్లో కొక్కెంలా పైకి వంగిందంటే కోర్ నిండిపోయినట్టే. చల్లగా ఉన్నప్పుడు చూసి నిశ్చింతగా ఉండకండి. ఫెర్రైట్ వేడెక్కితే దాని హద్దు తగ్గుతుంది. నేను 100 డిగ్రీల దగ్గర 0.3 టెస్లా దాటనివ్వను. అరగంట నడిపి, వేడెక్కాక మళ్లీ చూడండి.

ఇక చాలు, మిగతాది చేతులతో చేద్దాం. ఎల్‌సీఆర్ మీటర్ ఆన్‌లోనే ఉంది. ఇక్కడ మూడు కోర్లు పెట్టాను. ఒకటి మెలిపెట్టి చుట్టింది, ఒకటి మధ్యలో సెకండరీ పెట్టి చుట్టింది, మూడోది రెండు కాళ్ల మీద విడివిడిగా చుట్టింది. ఒక్కొక్కరుగా రండి. ముందు సెకండరీ వదిలేసి, తర్వాత షార్ట్ చేసి కొలవండి. రెండు అంకెలూ బోర్డు మీద రాయండి, ఏ కోర్‌ని ఏ సర్క్యూట్‌లో పెడతారో పక్కనే రాయండి.